పొయ్యి దిగాక చేరేవి: ఆహారం వెంట పరాన్నజీవులు రాకుండా వంటిల్లు నడుపుకునే పద్ధతి

క్యాబేజీ తింటే మెదడులోకి పురుగు వెళుతుందనే మాట మన ఇళ్లలో చాలాకాలంగా వినబడుతోంది. ఆ భయంతో క్యాబేజీని పూర్తిగా మానేసినవారు ఉన్నారు. ఆకుల మధ్య పచ్చని గొంగళిపురుగు ఒకటి కనబడగానే గడ్డ మొత్తం పారవేసేవారూ ఉన్నారు. నిజానికి ఆ గొంగళిపురుగుకూ మెదడు వ్యాధికీ ఏ సంబంధమూ లేదు. అది రెక్కలు రావలసిన ఒక కీటకపు పిల్ల మాత్రమే. మనిషి కడుపులో బతకలేదు. మెదడులో తిత్తులు కట్టేది పంది బద్దెపురుగు. శాస్త్రజ్ఞులు దానిని టీనియా సోలియం అంటారు. దాని గుడ్లు కంటికి కనబడనంత చిన్నవి. అవి క్యాబేజీ మీద ఉండవచ్చు, కొత్తిమీర మీద ఉండవచ్చు, వడ్డించే మనిషి గోళ్ల కింద కూడా ఉండవచ్చు.

కాబట్టి ఏ కూర తినాలి, ఏ కూర మానాలి అనే ఆలోచనతో ఈ వ్యాధులను ఆపడం సాధ్యం కాదు. వంటింట్లోకి వచ్చే ప్రతి పదార్థం గురించి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీనికి మనిషి మలం గాని, పశువు మలం గాని తగిలే అవకాశం ఎక్కడెక్కడ ఉంది? నోటికి చేరేలోపు ఇది పొయ్యి మీద బాగా మరుగుతుందా, మరిగిన తరువాత మళ్లీ ఏ చేయి, ఏ కత్తి, ఏ నీరు దీనిని తాకుతాయి? ఈ రెంటికీ సమాధానం తెలిస్తే చేయవలసిన పని చాలావరకు తెలిసినట్లే.

రెండు దారులు, రెండు వ్యాధులు

పంది బద్దెపురుగు విషయంలో చదువుకున్నవారు సైతం పొరబడే చోటు ఒకటి ఉంది. ఈ పురుగు మనిషిలోకి రెండు రూపాలలో, రెండు దారులలో ప్రవేశిస్తుంది, ఒక్కో దారిన ఒక్కో వ్యాధి వస్తుంది.

మొదటిది మాంసం దారి. వ్యాధి సోకిన పంది కండరాలలో సగ్గుబియ్యం గింజల వంటి తెల్లని తిత్తులు ఉంటాయి. సరిగా ఉడకని మాంసంతో ఆ తిత్తి మనిషి కడుపులోకి వెళితే, అది పేగు గోడను పట్టుకొని సుమారు రెండు నెలలలో పెద్ద పురుగవుతుంది. సాధారణంగా 2 నుంచి 7 మీటర్ల పొడవు పెరిగి, ఏళ్ల తరబడి అక్కడే ఉండగలదు. ఈ మనిషికి పెద్దగా బాధేమీ ఉండకపోవచ్చు. అప్పుడప్పుడూ కడుపులో తిప్పినట్లు ఉండటం, మలంలో పురుగు శరీరం నుంచి ఊడిన చదునైన తెల్లని ముక్కలు కనబడటం తప్ప వేరే సూచనలు లేకుండానే చాలామంది గడిపేస్తారు. కాని ఆ ముక్కలలో ఒక్కొక్కదానిలో వేల సంఖ్యలో గుడ్లు ఉంటాయి, అవి మలంతో బయటకు వస్తూనే ఉంటాయి.

రెండవది గుడ్డు దారి. ఆ గుడ్లను పంది తింటే పంది కండరాలలో తిత్తులు ఏర్పడతాయి. మనిషి మింగితే మనిషి కండరాలలో, కంటిలో, మెదడులో తిత్తులు ఏర్పడతాయి. మెదడులో ఏర్పడినప్పుడు దానిని న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. ఫిట్స్ రావడం దాని ప్రధాన లక్షణం. ఈ పురుగు వ్యాపించి ఉన్న ప్రాంతాలలో మూర్ఛరోగులలో సుమారు 30 శాతం మందికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసి, దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏలికపాము గుడ్డు బయటపడిన తరువాత కొన్ని వారాలు మట్టిలో ఉంటే గాని వ్యాధి కలిగించదు. బద్దెపురుగు గుడ్డు అలా కాదు. బయటపడిన క్షణం నుంచే ప్రమాదకరం. మలవిసర్జన తరువాత సరిగా కడగని చేతి నుంచి నేరుగా అన్నం ముద్దకు చేరగలదు.

పంది మాంసం ముట్టని మనిషికి కూడా మెదడులో తిత్తులు వచ్చేది ఈ రెండవ దారి వల్లనే. న్యూయార్క్ నగరంలో పంది మాంసాన్ని మతరీత్యా నిషేధించుకున్న సనాతన యూదు కుటుంబాలలో ఈ వ్యాధి బయటపడి, 1992లో వైద్యులు దానిని ప్రకటించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ ఇళ్లలో వంట, ఇంటిపని చేయడానికి లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చినవారిలో కొందరి పేగులలో బద్దెపురుగు ఉండటమే దానికి మూలమై ఉండవచ్చని వైద్యులు భావించారు. ఆ పనివారిని తప్పు పట్టడం న్యాయం కాదు; తమ కడుపులో పురుగు ఉన్న సంగతి వారికీ తెలియదు. మన దేశంలో ఫిట్స్ వచ్చినవారి సీటీ స్కాన్‌లో ఉంగరంలా కనబడే ఒక చిన్న మచ్చను ఒకప్పుడు క్షయగడ్డగా భావించి నెలల తరబడి క్షయ మందులు ఇచ్చేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు అలాంటి మచ్చలను తీసి పరీక్షించి, వాటిలో అధికభాగం బద్దెపురుగు తిత్తులేనని చూపించారు. శాకాహార కుటుంబాల నుంచి వచ్చే రోగులకు ఆ మాట నమ్మశక్యం కాకపోవడం సహజం.

ఆకుకూరలు కడిగే పద్ధతి

హైదరాబాద్ దిగువన మూసీ వెంట, నగరపు మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు, పశుగ్రాసం, వరి పండిస్తారు. అందుకని మూసీ పక్క పండిన తోటకూర చెడ్డదనీ, దూరపు పల్లె నుంచి వచ్చినది మంచిదనీ తేల్చుకోవడం తేలిక. కాని పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో మురుగునీటితో పండించిన కూరగాయలను పొలంలో ఒకసారి, అంగడిలో ఒకసారి పరీక్షించినప్పుడు, పొలంలో కంటే అంగడిలోనే కాలుష్యం ఎక్కువగా కనబడింది. కోసిన తరువాత కడిగిన నీరు, నేల మీద పరిచిన గోనె, వాడిపోకుండా మాటిమాటికీ చల్లే నీరు, ఇవన్నీ కలిసి పొలం చేయని చెడును చేస్తాయి. ఎక్కడ పండినదో తెలిసినా తెలియకపోయినా, పచ్చిగా తినదలచిన ప్రతి ఆకునూ ఒకే శ్రద్ధతో కడగాలి.

కట్ట విప్పకుండా కుళాయి కింద ఒకసారి తడిపి తీస్తే అది కడిగినట్లు కాదు. ముందుగా కట్ట విప్పి, వేళ్లూ మట్టి అంటిన మొదళ్లూ కోసివేసి, కుళ్లిన ఆకులు ఏరివేయాలి. తరువాత వెడల్పాటి బేసిన్‌లో ఆకులు తేలియాడేటన్ని నీళ్లు పోసి, ఆకులను వేళ్లతో విడదీస్తూ, రుద్దుతూ కదపాలి. ఏలికపాము గుడ్లకు జిగట పొర ఉంటుంది కనుక ఊరికే నానబెడితే అవి ఊడిపోవు, రుద్దవలసిందే. ఆ పిమ్మట నీటిని రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి. పురుగుల గుడ్లు నీటికంటే బరువైనవి కాబట్టి ఊడినవి మట్టితోపాటు అడుగుకు చేరతాయి. ఇప్పుడు ఆకులను రెండు చేతులతో నీటిలోంచి పైకి తీసి వేరే పాత్రలో వేయాలి. చాలామంది ఇక్కడే బేసిన్‌ను వంచి, ఆకులను చేత్తో ఆపి నీళ్లు పారబోస్తారు. అలా చేస్తే అడుగున చేరినదంతా మళ్లీ ఆకుల మీదుగానే బయటకు పోతుంది, అందులో కొంత అంటుకునే ఉండిపోతుంది. బేసిన్ కడిగి, కొత్త నీటితో ఇదే పనిని అడుగున మట్టి కనబడనంతవరకు, తక్కువలో తక్కువ మూడుసార్లు చేయాలి. పచ్చిగా తినబోయే ఆకుకు చివరిసారి వాడే నీరు తాగడానికి పనికివచ్చే నీరై ఉండాలి.

ఉప్పు, పసుపు కలిపిన నీటి గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఉప్పునీటిలో వేస్తే కాలీఫ్లవర్, క్యాబేజీలలో దాగిన గొంగళిపురుగులు బయటకు వస్తాయి. ఆ మేరకు అది మంచి అలవాటే. కాని వంటింట్లో వాడే పాళ్లలో ఉప్పు గాని, పసుపు గాని, వెనిగర్ గాని బద్దెపురుగు గుడ్లను, ఏలికపాము గుడ్లను చంపవు. పొటాషియం పర్మాంగనేట్, క్లోరిన్ బాక్టీరియాను తగ్గించగలవు. పురుగుల గుడ్లకు గట్టి పెంకు ఉండటం వల్ల కూరగాయలకు వాడదగిన మోతాదులో వాటి మీద ఇవి పనిచేయవు. ఈ నీటిలో నానబెట్టాము కదా అని రుద్దడం మానేస్తే మేలుకంటే కీడే ఎక్కువ.

కడిగిన తరువాతనే తరగాలి. కీర దోసకాయ, ముల్లంగి, క్యారెట్ వంటివాటిని తొక్క తీసేముందు కూడా కడగాలి. లేకపోతే తొక్క మీదిది కత్తి వెంట లోపలి భాగానికి అంటుతుంది.

పెరట్లో గాని, మేడ మీద గాని కూరలు పెంచేవారు సెప్టిక్ ట్యాంక్ బురదను ఎరువుగా వేయకూడదు. ఏలికపాము గుడ్లు తడి మట్టిలో సంవత్సరాల తరబడి బతికి ఉండగలవు. నీరు నమ్మదగినది కానప్పుడు మొక్క మీదినుంచి చల్లకుండా మొదట్లోనే పారించడం వల్ల ఆకులు చాలావరకు శుభ్రంగా ఉంటాయి.

పొయ్యి దిగాక చేరేవి

మన వంట చాలావరకు మనల్ని కాపాడుతోంది. పప్పు ఉడుకుతుంది, పులుసు మరుగుతుంది, వేపుడు నూనెలో వేగుతుంది. పరాన్నజీవుల గుడ్లు గాని, విరేచనాలు తెచ్చే అమీబా అనే సూక్ష్మజీవి గట్టి పొర కట్టుకొని ఉండే కోశాలు గాని మరిగే వేడిలో బతకవు. ప్రమాదం పొయ్యి దిగిన తరువాత చేరేవాటితో వస్తుంది. సాంబారు మీద చల్లే కొత్తిమీర, బిర్యానీ పక్కన పెట్టే ఉల్లిపాయ చక్రాలు, నిమ్మ ముక్కలు, పెరుగు చట్నీ, బజ్జీల బండి మీది పచ్చి పుదీనా పచ్చడి, పానీపూరీ నీళ్లు, కోసి ఉంచిన బొప్పాయి ముక్కలు, చెరకు రసంలో వేసే ఐసు, ఇవన్నీ ఆ కోవలోవే.

ఇంట్లో నా చేతులతో కడిగిన కొత్తిమీరను పచ్చిగా చల్లడానికి నాకు అభ్యంతరం లేదు. వందల మందికి వండే పెళ్లి వంటలలో, హాస్టళ్లలో, అన్నదానాలలో మాత్రం కట్టలకు కట్టలు ఆకు ఒకే తొట్టిలో ముంచి తీస్తారు. అక్కడ కొత్తిమీరను దించేముందే మరుగుతున్న సాంబారులో వేసి, రెండు నిమిషాలు మూతపెట్టి ఉడకనివ్వాలి. వాసన కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. పచ్చళ్లలోనూ నూనెలో మగ్గించి నూరే కొత్తిమీర పచ్చడి, పుదీనా పచ్చడి నిశ్చింతగా తినదగినవి, పచ్చి ఆకును నేరుగా నూరినవి కావు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు ఆ దేశపు సూపర్‌మార్కెట్ కొత్తిమీరకు ఈ బెడద ఉండదనుకుంటారు. సైక్లోస్పోరా అనే సూక్ష్మజీవి వల్ల వేసవిలో మాటిమాటికీ విరేచనాలు ప్రబలడంతో, 2015లో ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చే తాజా కొత్తిమీర దిగుమతిపై ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఆంక్ష పెట్టింది. సైక్లోస్పోరాకు కూడా క్లోరిన్ నీళ్లు లెక్కలోనివి కావు.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. నీరు తెర్లి బుడగలు వచ్చాక ఒక నిమిషం మరగనిస్తే అమీబా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులన్నీ చస్తాయి. నీటికి వేసే క్లోరిన్ క్రిప్టోస్పోరిడియంను చంపలేదు. గడ్డకట్టినంత మాత్రాన అమీబా, జియార్డియా నమ్మకంగా చావవు కనుక ఐసు ఏ నీటితో చేశారో ఆ నీరెంత మంచిదో ఐసూ అంతే. బయట తాగే మజ్జిగ, రసాల విషయంలో ఐసు లేకుండా అడగడం ఉత్తమం.

కల్లు గురించి వేరుగా చెప్పవలసి ఉంది. అమీబా మొదట జిగట విరేచనాలు కలిగించి, కొందరిలో కాలేయానికి పాకి చీముగడ్డ కడుతుంది. ఆ గడ్డతో మన ఆసుపత్రులకు వచ్చేవారిలో మద్యం, కల్లు అలవాటున్న మగవారు ఎక్కువ. చెట్టు మీది లొట్టిలో చేరే ఈగలు, దించాక కలిపే నీరు, అందరూ ముంచుకునే గ్లాసు, వీటిలో దేనికీ వేడి తగలదు. కల్లు తాగేవారికి కుడిపక్క పక్కటెముకల కింద నొప్పి, జ్వరం కలిసి వస్తే దానిని కామెర్లుగానో, గ్యాస్ నొప్పిగానో తీసివేయక స్కానింగ్ చేయించుకోవాలి.

మాంసం

పంది మాంసం తినేవారు అది మానవలసిన పని లేదు, ఉడికించి తినాలి. ముక్కలు చిన్నవిగా కోసి నీళ్లతో, మసాలాతో ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించినప్పుడు తిత్తులు మిగలవు. ఇబ్బంది పెద్ద ముక్కను నిప్పుల మీద కాల్చినప్పుడు వస్తుంది. పైభాగం నల్లబడుతుంది, ఎముక దగ్గర పచ్చిగానే ఉంటుంది. వేడి కొలిచే పుల్ల ఉన్నవారు ముక్క నడిబొడ్డున 71 డిగ్రీల సెల్సియస్ చూసుకోవాలి. అది లేనివారు అన్నిటికంటే మందపు ముక్కను కోసి చూసి, గులాబీ రంగు గాని, ఎర్రని రసం గాని కనబడితే మళ్లీ పొయ్యి మీదికి పంపాలి. నిమ్మరసం, వెనిగర్, ఉప్పు, ఎండ, పొగ, వీటిలో ఏదీ ఉడకబెట్టడానికి ప్రత్యామ్నాయం కాదు.

ఉప్పు చూడటం మన వంటవారి అలవాటు. పచ్చి మాంసానికి మసాలా పట్టించి, ఉప్పు సరిపోయిందా అని ఆ వేలిని నాలుకకు తగిలిస్తారు. కీమా ఉండలకు కూడా ఇదే చేస్తారు. ఉప్పు చూడాలంటే ఒక చిన్న ముక్కను పెనం మీద పూర్తిగా కాల్చి చూడవచ్చు. పచ్చి మాంసం కోసిన కత్తి, చెక్క, చేతులు సబ్బుతో కడగకుండా ఉల్లిపాయ, కీర దోసకాయ జోలికి పోకూడదు. ఒకే చెక్క ఉన్న ఇంట్లో సలాడ్‌కు కావలసినవి ముందుగా కోసి పక్కన మూతపెట్టుకోవడం మేలు.

తిత్తులను చలి కూడా చంపుతుంది. మాంసం లోపలి భాగం మైనస్ 5 డిగ్రీల వద్ద 4 రోజులు, మైనస్ 15 వద్ద 3 రోజులు, మైనస్ 24 వద్ద 1 రోజు ఉంటే అవి చస్తాయి. ఇంటి ఫ్రీజర్‌లో పెద్ద ముక్క మధ్యభాగానికి ఆ చలి చేరడానికి సమయం పడుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. అందువల్ల దీనిని అదనపు జాగ్రత్తగా మాత్రమే లెక్కించాలి. గొడ్డు మాంసం నుంచి వచ్చే బద్దెపురుగు వేరే జాతి. అది పేగులోనే ఉంటుంది, మెదడులో తిత్తులు కట్టదు. గర్భిణులు మాత్రం ఏ మాంసమైనా సగం ఉడికినది తినకూడదు. టాక్సోప్లాస్మా అనే మరొక పరాన్నజీవి తల్లికి ఏ బాధా చూపకుండానే కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

చేపలు, పీతలు

గోదావరి, కృష్ణా తీరాల చేపల పులుసుకు ఈ భయం లేదు. అది కుతకుత ఉడికే వంట. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ కొండవాగుల పీతలను మాత్రం అక్కడివారిలో కొందరు పచ్చిగా గాని, సగం కాల్చి గాని తింటారు. ఆ పీతలలో ఉండే ఊపిరితిత్తుల పురుగు, పారగోనిమస్, మనిషి ఛాతీలో చేరి ఏళ్ల తరబడి దగ్గు, దగ్గుతో రక్తం తెప్పిస్తుంది. లక్షణాలు అచ్చంగా క్షయను పోలి ఉండటంతో క్షయ మందులు వాడి వాడి గుణం కనబడనివారు అక్కడ ఎందరో ఉన్నారు. ఉద్యోగరీత్యా ఆ ప్రాంతాలలో గడిపి వచ్చినవారు దగ్గు తగ్గనప్పుడు తిన్న పీతల సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఈశాన్య థాయిలాండ్, లావోస్‌లలో మంచినీటి చేపను పచ్చిగా తరిగి నిమ్మరసం, కారం కలిపి తినే వంటకం వల్ల కాలేయపు పురుగు సోకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పిత్తనాళపు క్యాన్సర్‌కు దారితీస్తుందని రుజువైంది. పర్యటనకు వెళ్లినవారు రుచి చూడటానికి కూడా దానిని ముట్టకపోవడమే మంచిది. సముద్రపు చేపను పచ్చిగా వడ్డించే హోటళ్లలో దానిని మైనస్ 20 డిగ్రీల వద్ద 7 రోజులు ఉంచి వడ్డిస్తున్నారా అని అడగవచ్చు, అడగడం మర్యాదకు లోపం కాదు. బీహార్, ఉత్తరప్రదేశ్ చెరువులలో పండే సింఘాడా కాయలను పళ్లతో ఒలవకుండా, కడిగి, ఉడికించి తినాలి; ఆ తొక్క మీద పేగు పురుగు కోశాలు అంటుకొని ఉంటాయి.

వండే మనిషి

ఇంట్లో ఒకరి పేగులో బద్దెపురుగు ఉంటే, కూరగాయలు ఎంత కడిగినా ఆ ఇంటివారందరికీ, ముందుగా ఆ మనిషికే, మెదడులో తిత్తుల ప్రమాదం ఉంటుంది. మలంలో చదునైన తెల్లని ముక్కలు కనబడినవారు సిగ్గుపడి దాచుకోకుండా ఒక డబ్బాలో నమూనాతో ఆసుపత్రికి వెళ్లాలి. గుడ్లు రోజూ ఒకేలా బయటపడవు కనుక వేర్వేరు రోజులలో మూడు నమూనాలు పరీక్షించడం మంచిది. మందు వాడి, పురుగు పోయిందని డాక్టరు చెప్పేదాకా ఆ మనిషి వంటకు, వడ్డనకు దూరంగా ఉండాలి.

ఆహార వ్యాపారంలో పనిచేసేవారికి ఏడాదికి ఒకసారి వైద్య పరీక్ష జరగాలని మన దేశపు ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. హాస్టల్, క్యాంటీన్, కర్రీ పాయింట్ నడిపేవారు ఆ పరీక్షలో మల పరీక్షను కూడా చేర్చి, దాని ఖర్చు తామే భరించి, ఫలితం తేడాగా వస్తే మందు వాడినన్నాళ్ల జీతం కోయకుండా ఉండాలి. జీతం పోతుందంటే ఎవరూ నిజం చెప్పరు. చేతులు కడిగే చోట సబ్బు, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. పసిపిల్లల మలం కడిగిన చేతిని కూడా పెద్దల మలం తగిలిన చేతిలాగే భావించి సబ్బుతో రుద్దాలి.

పందులు పెంచేచోట

పందికి మనిషి మలం అందనంతవరకు ఈ చక్రం తిరగదు. ఊరి మీద వదలకుండా దొడ్డిలో కట్టి మేపడం, పెంచే కుటుంబానికి వాడుకలో ఉన్న మరుగుదొడ్డి ఉండటం మొదటి అవసరాలు. నాలుక కింద చేత్తో తడిమితే బుడిపెలు తగలడం సోకినట్లు చెప్పే పాత గుర్తు. అవి తగిలితే ఆ పంది మాంసం అమ్మకూడదు, కాని తగలనంత మాత్రాన సోకలేదని కూడా కాదు. ఈ పురుగుకు పందులకు వేసే టీకా ఉంది. దాని మూలం మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధన. సిస్‌వాక్స్ పేరుతో దానిని తయారు చేస్తున్నది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. టీకా కొత్తగా సోకకుండా ఆపుతుంది, అప్పటికే ఉన్న తిత్తులను చంపదు. అందుకు ఆక్స్‌ఫెండజోల్ అనే మందును పశువైద్యుని సలహాతో తోడుగా ఇవ్వాలి, మందు ఇచ్చాక సీసా మీద చెప్పినన్ని రోజులు ఆగి గాని కోయకూడదు. పెరూ దేశపు తుంబెస్ ప్రాంతంలో మనుషులకు మందు, పందులకు మందు, టీకా కలిపి నడిపిన కార్యక్రమం చివర 107 పల్లెలలో 105 పల్లెలలో వ్యాప్తి ఆగిపోయిందని 2016లో ప్రకటించారు. ఇక్కడ అసాధ్యమనడానికి కారణమేమీ కనబడదు.

మాత్ర వేసేముందు

పెద్దవయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చినా, పిల్లలకు జ్వరం లేకుండా ఫిట్స్ వచ్చినా స్కాన్ తప్పనిసరి. రక్తం, జిగురు కలిసిన విరేచనాలు, రెండు వారాలు దాటిన నీళ్ల విరేచనాలు, చర్మం కింద కదిలే చిన్న గట్టి బుడిపెలు కనబడినా ఇంటి వైద్యంతో కాలం గడపకూడదు. డాక్టరుకు లక్షణాలతోపాటు ఎక్కడెక్కడ ఉన్నారో, పచ్చిగా ఏమేమి తిన్నారో, ఇంట్లో ఇంకెవరికైనా తెల్లని ముక్కలు పడ్డాయేమో కూడా చెప్పాలి.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలో, అంగన్‌వాడీలలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాములు, కొంకిపురుగుల వంటివాటికి ఉద్దేశించినది, పిల్లలకు వేయించవలసినదే. ఆ ఒక్క మాత్ర బద్దెపురుగును నమ్మకంగా పోగొట్టదు. బద్దెపురుగు ఉందన్న అనుమానంతో మందుల దుకాణంలో ఆల్బెండజోల్ గాని, ప్రాజిక్వాంటెల్ గాని కొని సొంతంగా వాడటం ప్రమాదకరం. మెదడులో తిత్తులు ఉన్న మనిషికి ఈ మందులు పడినప్పుడు తిత్తులు చస్తూ వాపు కలిగిస్తాయి, ఆ వాపుతో తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్ రావచ్చు. అందుకనే వైద్యులు స్కాన్ చూసి, వాపు తగ్గించే స్టెరాయిడ్‌ను, ఫిట్స్ మందును ముందుగా మొదలుపెట్టి, అవసరమైతే ఆసుపత్రిలో ఉంచి ఈ చికిత్స చేస్తారు. పేగులోని పురుగుకు మాత్రమే అయితే రక్తంలోకి దాదాపు ఇంకని నిక్లోజమైడ్ వంటి మందును ఎంచుకుంటారు. పిల్లవాడికి మునుపెప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున ఆ సంగతి టీచరుకు, ఆరోగ్య కార్యకర్తకు ముందే చెప్పి, డాక్టరును అడిగిన తరువాతనే వేయించాలి.